పెనం మీద పేర్చిన పట్నం
ఆకలి నేర్పిన వంటలు: 9వ భాగం

పోయిన సంచికలో ఒసాకాలో ఆగాం. ఎందో తొమెకిచి అనే బండి వ్యాపారి గుంతల పెనంలో పిండి ఉండలు కాల్చి అమ్మేవాడనీ, మొదట్లో వాటిలో గొడ్డుమాంసం పెట్టేవాడనీ చెప్పుకున్నాం. తినడానికి వచ్చినవాడొకడు అకాషిలో ఆక్టోపస్ వేస్తారని చెవిన వేశాక 1935లో దానికి మారాడు. తకోయాకి అలా పుట్టింది. ఈసారి అక్కణ్ణించి పడమటికి రైలెక్కి హిరోషిమా వెళ్దాం.

ఒకొనొమియాకి అనే అట్టును ఎరగని మనిషి హిరోషిమాలో ఉండడు. జనాభా లెక్కన చూస్తే జపాన్ మొత్తంలో ఆ అట్టు దుకాణాలు ఎక్కువున్న ప్రాంతం అదే. దీని పుట్టుక గురించి టూరిస్టులకు చెప్పే కథ చాలా చిన్నది. అణుబాంబు పడింది, ఊరు బూడిదైంది, అమెరికా నుంచి గోధుమపిండి వచ్చింది, భర్తలు పోయిన ఆడవాళ్ళు ఆ పిండితో అట్లు పోసి పిల్లల్ని సాకారు. ఇందులో అబద్ధం ఏదీ లేదు. కానీ కథ మరీ కుదురుగా ఉంది. ఇంత కుదురుగా ఉన్న కథ కనబడితే చరిత్ర రాసేవాడికి చెయ్యి దురద పెడుతుంది. పిండి వచ్చింది సరే, దాన్ని అట్టుగానే ఎందుకు పోశారు? అంతంత పెద్ద ఇనప పెనాలు ఎక్కడివి? పైన పూసే ఆ సాస్ ఎవరు చేశారు? ఇవి అడగడం మొదలుపెడితే కథ బాంబు కంటే ముందుకు వెళుతుంది.

ముందుకంటే, 1920లు, 30ల నాటి పిల్లల తినుబండారాల కొట్లకు. బొంగరాలు, రంగు బిళ్ళలు, తియ్యటి మరమరాలు అమ్మే ఆ కొట్ల మూల ఒక చిన్న పెనం ఉండేది. కొట్టు ముసలమ్మ జారుగా కలిపిన పిండిని గరిటెతో పలచగా తిప్పి, దాని మీద ఉల్లికాడల ముక్కలు, ఎండు చేప పొడి చల్లి, మడిచి, కుంచెతో సాస్ రాసి కాగితంలో పెట్టి ఇచ్చేది. ధర ఒక సెన్, అంటే యెన్‌లో నూరో వంతు. దాని పేరు 'ఇస్సెన్ యోషోకు': ఒక్క సెన్ను దొరతిండి. అందులో దొరతనం ఉన్నదల్లా పైన రాసిన సాస్‌లోనే.

ఆ సాస్ ఇంగ్లండు ఊస్టర్ సాస్‌కు జపాన్ చుట్టం. మెయిజీ కాలంలో ఓడలెక్కి వచ్చింది. ఇంగ్లిషు వాళ్ళ అసలు సరుకులో పులుపు కోసం వేసే వాటిలో చింతపండు కూడా ఉందని చెబితే మన వాళ్ళు కాస్త గర్వపడవచ్చు. జపాన్‌లో దాన్ని కూరగాయలతో, పళ్ళతో తియ్యదనం పెంచి తమ నాలుకకు తగ్గట్టు మార్చుకున్నారు. 1930లకల్లా ఆ నల్లటి చుక్క ఏ తిండి మీద పడినా అది నాగరికమైన తిండి అన్న మాట.

అంటే బాంబుకు ముందే హిరోషిమా పిల్లలకు ఈ అట్టు రుచి తెలుసు. అది కడుపు నింపేది కాదు, బడి నుంచి వస్తూ కొనుక్కునే చిరుతిండి. పెద్దవాళ్ళు దాని జోలికి పోయేవారు కారు. యుద్ధం తర్వాత మారిందల్లా దాన్ని ఎవరు తిన్నారు, ఎందుకు తిన్నారు అన్నదే. పిల్లల చిరుతిండి పెద్దల భోజనమైంది. నా లెక్కలో అసలు కథ అదే.

ఇక ఇనుము సంగతి. ఇవాళ శాంతి నగరంగా పేరున్న హిరోషిమా, అప్పట్లో దండు ఊరు. 1894లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జపాన్ సర్వసైన్య కార్యాలయం ఇక్కడికి కదిలింది. మెయిజీ చక్రవర్తి వచ్చి ఇక్కడే మకాం పెట్టాడు. పార్లమెంటు సమావేశం కూడా ఇక్కడే జరిగింది. ఉజినా రేవు నుంచి యాభై ఏళ్ళపాటు సైనికులు ఓడలెక్కారు. పక్కనే ఉన్న కురే నౌకాదళ కర్మాగారం యమాతో లాంటి మహా యుద్ధనౌకను కట్టింది. చుట్టుపక్కల ఇనుము కోసేవాళ్ళు, సాగగొట్టేవాళ్ళు, ఓడ రేకులు అతికేవాళ్ళు వేలల్లో ఉండేవారు. యుద్ధం అయిపోయాక ఆ ఇనుమూ, ఆ చేతులూ పనిలేక మిగిలాయి. ఒకొనొమియాకి దుకాణాల మొదటి పెనాల్లో చాలావాటికి ఓడల రేవుల ఇనుమే ఆధారమని అక్కడివాళ్ళు చెబుతారు. ఏ పెనం ఏ ఓడది అని ఎవరూ రాసి పెట్టుకోలేదు గానీ, దళసరి ఇనప రేకు దొరకడం మిగతా ఊళ్ళంత కష్టం కాలేదన్నది నమ్మదగిన మాటే.

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు జరిగింది అందరికీ తెలుసు. ఆ సంవత్సరం చివరికి సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా. తెలియనివి ఆ తర్వాతి రోజులు. మూడో రోజుకే, అంటే ఆగస్టు 9న, కోయి నుంచి తెన్మా-చో దాకా ఒక ట్రాము మళ్ళీ నడిచింది. సెప్టెంబరు 17న మకురజాకి తుపాను వచ్చి, కాలిపోయిన నేలను వరదలో ముంచి, ఆ ప్రాంతంలో రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ ఏటి వరి పంట దేశమంతటా మామూలు కంటే సుమారు మూడో వంతు తగ్గింది. అప్పుడే చైనా, కొరియా, దక్షిణ సముద్రాల నుంచి అరవై లక్షలకు పైగా జపానీయులు ఉత్త చేతులతో ఇంటిదారి పట్టారు. తినే నోళ్ళు పెరిగాయి, గింజలు తరిగాయి.

రేషన్ మీదే బతకడం అంటే ఏమిటో చెప్పడానికి యమగుచి యోషితద ఉదంతం చాలు. తోక్యోలో న్యాయమూర్తి. దొంగబజారు బియ్యం కొన్న నేరం మీద తన ముందుకు వచ్చిన పేదలకు శిక్ష వేసే ఉద్యోగం ఆయనది. ఆ బియ్యం తను కూడా తింటూ శిక్ష వేయడం తగదనుకుని రేషన్‌తోనే సరిపెట్టుకున్నాడు. 1947 అక్టోబరులో 33 ఏళ్ళకే తిండిలేక చనిపోయాడు. దేశమంతా దొంగబజారులో కొన్నవాళ్ళే బతికారు. హిరోషిమా స్టేషన్ ముందు కూడా అలాంటి బజారు వెలిసింది.

గోధుమపిండి వచ్చింది ఈ రోజుల్లోనే. 1946 నుంచి అమెరికా సహాయం కింద ఓడల్లో దిగింది. బియ్యం తినే ఇళ్ళకు అది కొత్త చిక్కు. కొందరు ఉండలు చేసి పలచని పులుసులో ఉడికించారు, కొందరు రొట్టె కాల్చుకున్నారు. ఈ చిక్కు మన ఇళ్ళకూ తెలియనిది కాదు. అమెరికా మిగులు ధాన్యాన్ని పంచే పీఎల్-480 చట్టం కింద జపాన్ 1955లో, మన దేశం 1956లో ఒప్పందాలు చేసుకున్నాయి. బడిలో గోధుమ నూక ఉప్మా, పాలపొడి పాలు తిని పెరిగిన తరం తెలుగునాట ఇంకా బతికే ఉంది. ఆ ఉప్మా మన బడిగంటతోనే ఆగిపోయింది. హిరోషిమాలో ఆ పిండి ఊరి వంటగా ఎదగడానికి కారణం, దాని కోసం ఒక పాత రుచి అప్పటికే కాచుకుని ఉండటం.

యోకోగావా వైపు సందుల్లో ఒక దుకాణానికి మా మేనల్లుడు తీసుకెళ్ళాడు. అతను అక్కడి కార్ల కంపెనీలో ఇంజనీరు. పాత ఇల్లు. వీధివైపు గదే దుకాణం, వెనక గదిలో కాపురం. గుమ్మానికి వేలాడే గుడ్డ తెర తప్పించుకుని, తలుపు పక్కకు తోసి వెళితే గది నిండా పెనమే. మనకు పెనం అంటే పొయ్యి మీద పెట్టేది. అక్కడ పెనమే బల్ల. మూరన్నర వెడల్పున గోడ నుంచి గోడకు పరిచిన నల్లటి ఇనప పలక. ఇవతలి అంచున చెక్క చట్రం, దాని ముందు ఎనిమిది ముక్కాలిపీటలు. అవతల నిలబడి వండేది, ఇవతల కూర్చుని తినేది ఒకే ఇనుము మీద. మూలన టీవీలో బేస్‌బాల్ ఆట, గోడవారన సాస్ మరకలతో నలిగిన బొమ్మల కథల పుస్తకాలు.

"ఒబా-చాన్, మా మామయ్య. ఇండియా నుంచి వచ్చారు" అన్నాడు వాడు. దుకాణం నడిపే ఒబా-చాన్ డెబ్బై దాటిన మనిషి. తలకు తువ్వాలు, చేతిలో రెండు అట్లకాడలు. నన్ను ఎగాదిగా చూసి ఏదో అడిగింది.

"పంది మాంసం తింటారా అంటోంది మామయ్యా."

"వద్దని చెప్పరా."

చెప్పాడు. ఆవిడ తల ఊపింది. వెంటనే ఇంకో మాట అంది. వాడు నవ్వాపుకుంటూ, "మాంసం తీసేస్తుందట. చేప పొడి కూడా వద్దంటే మాత్రం పక్క వీధిలో కూరగాయల కొట్టుంది, అటు వెళ్ళమంటోంది" అన్నాడు. శాకాహారులు జపాన్‌లో పడే పాట్లన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. చేప పులుసో, చేప పొడో తగలని వంట అక్కడ అరుదు. నాకు చేపతో పేచీ లేదు కాబట్టి కూర్చున్నాను.

మొదట దోసె పోసినట్టే పోసింది. గరిటె వెనకతో పిండిని లోపలి నుంచి బయటికి తిప్పింది. మన దోసె కంటే పలచన, వెనకున్న ఇనుము నలుపు కనిపించేటంత. దాని మీద చేప పొడి చిటికెడు. తర్వాత దారాల్లా తరిగిన పచ్చి క్యాబేజీ రెండు చేతుల నిండా తీసి కుప్ప పోసింది. జానెడు ఎత్తు లేచింది. అది పడిపోకుండా నిలవడమే ఒక విద్య. పైన మొలకలు, నూనెలో వేగిన పిండి పలుకులు, మళ్ళీ ఒక గరిటెడు పిండి. ఇక్కడ మాంసం పడాలి, నాకు పడలేదు. రెండు అట్లకాడలు కిందికి దూర్చి మొత్తాన్ని ఒక్క ఊపున తిరగేసింది. ఒక్క తురుము కూడా చెదరలేదు.

తర్వాత కొంతసేపు ఏమీ చేయలేదు. పైకి వచ్చిన అట్టు మూతలా పనిచేస్తుంది, దాని కింద క్యాబేజీ తన ఆవిరిలో తనే మగ్గుతుంది. నొక్కితే చెడిపోతుందట. కొత్తవాళ్ళు ఆగలేక నొక్కేస్తారని చెప్పింది. ఆలోగా పక్కన నూడుల్స్ వేయించి గుండ్రంగా పరిచి, క్యాబేజీ కొండను ఎత్తి వాటి మీద కూర్చోబెట్టింది. ఇంకో పక్కన గుడ్డు పగలగొట్టి అట్లకాడ మూలతో తిప్పి, దాని మీదికి ఈ మొత్తాన్ని జరిపి, మళ్ళీ తిరగేసింది. అప్పటికి జానెడు ఎత్తు రెండు అంగుళాలకు దిగింది. సాస్ రాసి, నాచు పొడి చల్లి, పెనం మీదే నా ముందుకు తోసింది. పళ్ళెం లేదు. చిన్న అట్లకాడతో కోసుకుంటూ, వేడి ఇనుము మీది నుంచే నోట్లోకి. అంచులు కరకరలాడతాయి, నడుమ క్యాబేజీ తియ్యగా ఉంటుంది. తినేకొద్దీ అడుగు ఇంకా కాలుతూనే ఉంటుంది కాబట్టి మొదటి ముద్దకూ చివరి ముద్దకూ రుచి వేరు.

బాంబు తర్వాత పెట్టిన దుకాణమేనా అని అడిగించాను. ఆవిడ ముఖంలో విసుగు ఒక్క క్షణం కనబడింది. విదేశీయుడు వచ్చాడంటే ఈ ప్రశ్న ఖాయం అన్నట్టు. "మా అత్తగారు పెట్టారు. బాంబు గురించి నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. క్యాబేజీ ఇంకా సన్నగా తరుగు అని మాత్రం రోజూ చెప్పేవారు" అంది. ఇంకో సంగతి తనంతట తనే చెప్పింది. ఆ రోజుల్లో గుడ్డు ఖరీదు. పిల్లలు ఇంట్లోంచి గుడ్డు జేబులో వేసుకుని తెచ్చి, తమ అట్టు మీద అదే వేయించుకునేవారట. అన్నం మిగిలిన ఇళ్ళవాళ్ళు గిన్నెతో అన్నం తెచ్చి నూడుల్స్ బదులు వేయమనేవారు.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. ఇంటి ముందుగదిలో దుకాణం అంటే అద్దె లేదు, జీతగాడు లేడు, గుడ్డు కూడా తినేవాడిదే. పెట్టుబడి ఒక ఇనప రేకు, కొంచెం నిప్పు, ఒక పిండి బస్తా. చంటిపిల్లను వెనక గదిలో పడుకోబెట్టి పని చేసుకోవచ్చు. సంపాదించే మగవాడు యుద్ధంలోనో బాంబులోనో పోయిన ఇంట్లో ఇంకే వ్యాపారం పెట్టగలరు? ఈ దుకాణాల వెనక ఉన్నది కన్నీళ్ళ కథ ఒక్కటే కాదు, లెక్క కూడా. ఉల్లికాడల స్థానంలో క్యాబేజీ వచ్చిందీ ఆ లెక్కతోనే. చవక, ఏడాది పొడుగునా దొరుకుతుంది, మగ్గితే పరిమాణం బాగా తగ్గినా కడుపులో బరువు నిలుస్తుంది. 1950ల్లో నూడుల్స్ చేరింది కూడా కూలి పని చేసి వచ్చినవాడికి ఒక్క అట్టుతో పూట గడవాలనే.

ఇక సాస్. ససాకి సెయిచి 1922లో యోకోగావాలో మద్యం, సోయా సాస్ అమ్మే కొట్టు పెట్టాడు. 1938లో వెనిగర్ తయారీలోకి దిగాడు. బాంబులో అంతా పోయాక 1946లో మళ్ళీ వెనిగర్‌తోనే మొదలుపెట్టాడు. 1950లో ఊస్టర్ సాస్ తయారుచేసి బండ్లవాళ్ళ దగ్గరికి తీసుకెళితే వాళ్ళు ఒక మాటన్నారు: నీ సాస్ నీళ్ళలా ఉంది, అట్టు మీద నిలవకుండా పెనం మీదికి జారి మాడిపోతోంది. చిక్కగా, తియ్యగా, కాలే ఇనుము పక్కన కూడా అట్టును పట్టుకుని ఉండేలా చేసిన సాస్ 1952లో బజారుకు వచ్చింది. ఒటఫుకు అనే ఆ కంపెనీ ఇవాళ పెద్దది. ఆ తియ్యదనం కోసం ఖర్జూరం వాడతారు. ఎడారి పండు లేకపోతే హిరోషిమా వంట లేదన్నమాట. వంటల 'స్వచ్ఛత' గురించి మీసాలు మెలేసేవాళ్ళు ఇలాంటివి చదవకపోవడమే వాళ్ళకు మంచిది.

ఇళ్ళల్లో దుకాణాలు ఒకవైపు, ఊరి నడుమ షింతెంచి మైదానంలో బండ్లు ఇంకోవైపు. బాంబు పేలిన చోటికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న పాత వినోదాల వాడ అది. చీకటి పడితే లాంతర్లు వెలిగించి బండ్లు వరసగా నిలిచేవి. 1950లో అక్కడ బండి పెట్టిన ఒక కుటుంబంలో ఇసే మిత్సువో అనే కుర్రాడు తండ్రి దగ్గర పని అందుకున్నాడు. తన చిన్ననాటి ముద్దుపేరు 'మిచ్చాన్'నే బోర్డుగా కట్టాడు. ఇవాళ ఊళ్ళో అందరికీ తెలిసిన పేరది. ఈ వంటకు ఇప్పుడున్న రూపం తమ దగ్గరే వచ్చిందని ఆ దుకాణం వాళ్ళు చెప్పుకుంటారు. మిగతావాళ్ళు ఊరుకుంటారనుకోవద్దు. ఏదైనా, వితంతువుల కథలో పట్టని వాళ్ళూ చాలామంది ఈ వంటను తీర్చిదిద్దారనడానికి ఆయనే సాక్ష్యం.

ముద్దుపేర్ల బోర్డులు ఇంకా చాలా ఉన్నాయి. పేరు చివర 'చాన్' తగిలించిన దుకాణాలు వీధికొకటి. బాంబు తర్వాత చెల్లాచెదురైనవాళ్ళు బతికి తిరిగొస్తే గుర్తుపడతారని ఇంటి పిలుపులే బోర్డుకు ఎక్కించారని ఒక మాట ప్రచారంలో ఉంది. వినగానే గొంతులో అడ్డుపడే మాట. ఒకటి రెండు బోర్డుల విషయంలో నిజమై ఉండవచ్చు. మిగతా వాటికి మాత్రం పొరుగువాళ్ళు అలాగే పిలిచేవాళ్ళన్నదే చాలినంత కారణం.

1965లో షింతెంచి మైదానాన్ని బాగుచేయాలని నగరం నిర్ణయించింది. బండ్లు లేవాల్సి వచ్చింది. బండ్లవాళ్ళు కొందరు కలిసి దగ్గర్లోనే రేకుల భవనంలోకి మారారు. దానికి 'ఒకొనొమి-మురా', అంటే ఒకొనొమి పల్లె అని పేరొచ్చింది. 1992లో దాన్ని కూల్చి పెద్ద భవనం కట్టారు. ఇప్పుడు మెట్లెక్కితే అంతస్తు నిండా పక్కపక్కనే పెనాలు, ప్రతి పెనం ఒక వేరే దుకాణం. టూరిస్టులు అక్కడికే వెళతారు. తప్పేం లేదు. కానీ ఆ భవనంలో వెనక గది ఉండదు, అందులో కాపురం ఉండదు.

ఊరు దాటి పేరు పాకడానికి 1975 దాకా ఆగాలి. ఆ మార్చిలో బుల్లెట్ రైలు ఒసాకా వైపు నుంచి హిరోషిమా మీదుగా హకాతా దాకా సాగింది. అదే ఏడు హిరోషిమా కార్ప్ బేస్‌బాల్ జట్టు మొట్టమొదటిసారి లీగ్ గెలిచింది. 1951లో జట్టు దివాలా తీసే స్థితిలో ఉంటే, మైదానం గుమ్మంలో పీపాలు పెట్టి, ఊరిజనం చిల్లర వేసి నిలబెట్టుకున్న జట్టు అది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు అట్టు తిని వెళ్ళారు. నేను కూర్చున్న దుకాణంలో టీవీ చప్పుడు ఎందుకు తగ్గించరో అప్పుడు అర్థమైంది. కార్ప్ పిచర్ బంతి వదిలిన ప్రతిసారీ ఒబా-చాన్ చేతిలో అట్లకాడ గాల్లో ఆగేది.

ఈ విద్య ఎవరి సొత్తూ కాదు. ఇదే యోకోగావా చుట్టుపక్కల గ్వాటెమాలా నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన చాలా ఏళ్ళుగా ఒకొనొమియాకి దుకాణం నడుపుతున్నాడు. అట్టు మీద తన దేశం వైపు పచ్చిమిరప ముక్కలు వేస్తాడు. ఊరివాళ్ళు వరస కట్టి తింటారు. ఇబ్బందంతా ఇళ్ళల్లోని దుకాణాలకే. నడిపేవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, పిల్లలు ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్నారు. తర్వాత ఎవరు అని అడిగితే ఒబా-చాన్ పెనం గీకుతూ, "మా అబ్బాయి తోక్యోలో ఉన్నాడు. వాడికి క్యాబేజీ పడదు" అంది. ఇది హాస్యమో నిజమో మా మేనల్లుడికి కూడా తెలియలేదు.

ఆ అట్టులోని నూడుల్స్ గురించి ఈసారి ఎక్కువ చెప్పలేదు. కారణం ఉంది. అదే అమెరికా గోధుమపిండి, అదే యుద్ధానంతరపు ఒసాకా దొంగబజారు, అక్కడ చలిలో నూడుల్స్ బండి ముందు నిలబడ్డ వరస. దాన్ని చూసిన అందో మొమొఫుకు అనే వ్యాపారి 1958లో ఇంటి పెరట్లోని కొట్టంలో, వేణ్ణీళ్ళు పోస్తే ఉడికే నూడుల్స్ కనిపెట్టాడు. వచ్చే సంచికలో ఆ కొట్టంలోకి వెళ్దాం.